దగ్గని ముఠా

మెడికల్ కాలేజీలో పీహెచ్‌డీ చేస్తున్నానని చెబితే మా పర్చూరులో జనం మొదట చేసే పని చొక్కా చేయి పైకి మడవడం. బీపీ చూడమని. నేను డాక్టర్ని కానని, వైద్యంలో పరిశోధన చేస్తున్నానని, ఫిజియాలజీ అంటే శరీరం ఎలా పనిచేస్తుందో చదివే శాస్త్రమని వివరించేసరికి ఎదుటివాళ్ల ముఖంలోకి జాలి వచ్చేది. "అంటే సీటు రాలేదా బాబూ?" అని మా వీధిలో పొగాకు పండించే ఆసామి ఒకాయన సూటిగానే అడిగాడు.

ఇప్పుడు ఆ పట్టా చేతికొచ్చింది. వేరే ఊళ్లో పాఠాలు చెప్పుకుంటున్నాను. కొత్తగా పరిశోధనలో చేరినవాళ్లు ఫోన్ చేసి ఏ సాఫ్ట్‌వేర్ వాడారు, ఏ పత్రికకు పంపారు అని అడుగుతుంటారు. అవి ఎవరైనా చెబుతారు. నేను చెప్పాలనుకున్నది, మొదటి ఏడాది తీసిన కొలతలు ఎలా పోయాయి, పోయాక ఏమైంది అన్నది. ఇది చెప్పడానికి నాకు సిగ్గు లేదు. కొంచెం గర్వంగానే ఉంటుంది.

నా పరిశోధన దగ్గు మీద. మిరపకాయకు ఘాటునిచ్చే పదార్థం పేరు క్యాప్సైసిన్. దాన్ని బాగా పలుచన చేసి, సన్నటి తుంపరగా ఒక్క గుక్క పీల్పిస్తే ఎవరికైనా దగ్గు వస్తుంది. పలుచటి ద్రావణంతో మొదలుపెట్టి మెట్టుమెట్టుగా చిక్కదనం పెంచుతూ, మనిషి ఏ మెట్టు దగ్గర దగ్గాడో చూడాలి. తొందరగా దగ్గితే గొంతు సున్నితమైనదని, ఆలస్యంగా దగ్గితే మొద్దుబారిందని లెక్క. దగ్గును కొలిచే పద్ధతుల్లో పేరున్న పద్ధతి ఇది.

వేరేచోట్ల సీసాల్లో కొనుక్కునే ఆ ఘాటు మా గుంటూరులో గాలిలోనే ఉంటుంది. మిర్చి యార్డు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో ఆడవాళ్లు పొద్దస్తమానం ఎర్రటి గుట్టల ముందు కూర్చుని కాయకు తొడిమలు తీస్తారు, రంగు పోయిన తాలుకాయ ఏరేస్తారు. ఏళ్ల తరబడి ఆ ఘాటు పీల్చిన గొంతు మొద్దుబారుతుందా, ఇంకా సున్నితమవుతుందా? అదీ నేను వేసుకున్న ప్రశ్న.

మా గైడు ఒక మహిళా ప్రొఫెసరు. ప్రశ్న వినగానే, "ఇది ఈ ఊళ్లో చేయకపోతే ఇంకెక్కడ చేస్తారయ్యా" అన్నారు. ఆ వెంటనే ఇంకో మాట కూడా అన్నారు. "నా సర్వీసు ఎక్కువ లేదు. నేనుండగా థీసిస్ పెట్టేయాలి. తర్వాత నన్ను అడగమాక." మా విభాగంలో గైడుగా ఉండే అర్హత ఆవిడకు తప్ప ఎవరికీ లేదు. ఆవిడ రిటైరయ్యేలోపు థీసిస్ ఇవ్వలేకపోతే నా రిజిస్ట్రేషన్ గాల్లో వేలాడుతుంది. చేరిన రోజు నుంచీ నా మెడ మీద ఉన్న కత్తి అదే.

నేను ఏ పనైనా జాబితా రాసుకుని చేసే మనిషిని. పరీక్షకు ముందు అడగాల్సినవి, పరీక్ష గదిలో ఉండాల్సినవి, పరీక్షకు పనికిరానివాళ్లు, అన్నీ వరస ప్రకారం రాసి గోడకు అంటించాను. ఉబ్బసం ఉన్నవాళ్లు వద్దు. పొగ తాగేవాళ్లు వద్దు. గంట ముందు నుంచి ఏమీ తినకూడదు. ఆ జాబితా చూసి మా పక్క గదిలో ఎండీ చేస్తున్న స్నేహితుడు, చిలకలూరిపేట వాడు, "ఒరేయ్, పెళ్లిచూపులకి కూడా ఇన్ని కండిషన్లు ఉండవురా" అనేవాడు. నాకు 'దగ్గుల డాక్టరు' అని పేరు పెట్టింది వాడే.

పోలిక కోసం మిరపకాయతో సంబంధం లేని ఆడవాళ్లు కొంతమంది కావాలి. గుంటూరులో అలాంటి మనిషిని వెతకడం ఇంకో పరిశోధన. ఒక టీచరమ్మను పిలిస్తే, వాళ్లింట్లో ఏడాదికి సరిపడా కారం తనే దంచుకుంటానంది. ఒక బ్యాంకు ఉద్యోగిని భర్తకు యార్డులో కమీషను కొట్టు. చివరికి కాలేజీ ఆఫీసులో, లైబ్రరీలో పనిచేసేవాళ్లతో సరిపెట్టుకున్నాను.

కోల్డ్ స్టోరేజీలో అనుమతి సులభంగానే దొరికింది. అక్కడి గుమాస్తా మంచి మర్యాదస్తుడు. "డాక్టరు గారూ, ఆ దుమ్ములో ఎక్కడ కూర్చుంటారండీ, నా గదిలో ఫ్యానుంది" అని తన గదిలోనే నాకో బల్ల వేయించాడు. ఆ బల్ల మీద నా యంత్రం, తుంపరలు పీల్చడానికి నోట్లో పెట్టుకునే అట్ట గొట్టాల పెట్టె. ఇంకో బల్ల దగ్గర ఆయన. తొడిమలు తీసే ముఠాకు ఒక మేస్త్రి ఉండేది, యాభై దాటిన మనిషి, ముఖాన రూపాయి కాసంత బొట్టు. ఆవిడ ఒక్కొక్కరినే లోపలికి పంపేది.

మీరు నమ్మరు, వాళ్లు దగ్గలేదు. మా లైబ్రేరియన్ రెండో మెట్టుకే దగ్గి కళ్లు తుడుచుకుంటే, ఈ ఆడవాళ్లు మెట్లన్నీ ఎక్కేసి, కొంగుతో మూతి తుడుచుకుని, "అయిపోయిందా బాబూ?" అని లేచి వెళ్లేవాళ్లు. చివరి మెట్టుకు కూడా చాలామంది కిక్కురుమనలేదు. ఏళ్ల ఘాటుకు గొంతు మొద్దుబారిపోయిందని నా కొలతలు అరిచి చెబుతున్నాయి.

నా ఆనందం ఏమని చెప్పను. విభాగం మీటింగులో గ్రాఫు వేసి చూపించాను. రెండు గీతలు ఒకదానికొకటి దగ్గరికి కూడా రాలేదు. "ఇంత శుభ్రమైన డేటా నేను చూడలేదు" అన్నారు ఒక పెద్ద ప్రొఫెసరు. ఒక సదస్సుకు సారాంశం పంపితే అంగీకరించారు. పేట స్నేహితుడు క్యాంటీన్‌లో దోసె తినిపించాడు.

ఆ శుభ్రతను చెడగొట్టినవి చీమలు.

వాడిన అట్ట గొట్టాలను పసుపు సంచుల్లో వేసి మూతి కట్టి, వ్యర్థాలు తీసుకెళ్లే బండి వచ్చేదాకా ల్యాబు మూలన పెట్టేవాణ్ణి. కాలేజీ వాళ్లవి ఒక సంచి, కోల్డ్ స్టోరేజీ వాళ్లవి ఒక సంచి. ఒకరోజు పొద్దున వెళ్లేసరికి కోల్డ్ స్టోరేజీ సంచికి గోడ నుంచి బారులు తీరిన చీమలు. పక్కనే ఉన్న కాలేజీ సంచి దగ్గర ఒక్కటీ లేదు. మిరపకారం ఉన్న చోటికి చీమ రాదు. మరి ఈ సంచిలో చీమకు కావలసినది ఏముంది? చేతికి గ్లవ్స్ వేసుకుని ఒక గొట్టం తీశాను. మూతి దగ్గర జిగురు. ఇంకొకటి తీశాను. దానికీ జిగురే. మూడో గొట్టానికి గోధుమరంగు పలుకు ఒకటి అంటుకుని ఉంది. వాసన చూడాల్సిన పని లేకపోయింది. బెల్లం.

నోట్లో తీపి ఉంటే ఈ పరీక్షలో దగ్గు తగ్గుతుందని నేను చదివే ఉన్నాను. సంచిలో మిగిలిన గొట్టాలన్నీ బల్ల మీద పరిచి, జిగురున్నవి ఒక వరసలో పెట్టాను.

ఆ మధ్యాహ్నం అన్నాల వేళ కోల్డ్ స్టోరేజీకి వెళ్లి, మేస్త్రమ్మను గేటు బయట టీ బండి దగ్గరికి పిలిచాను.

"అమ్మా, పరీక్షకు వచ్చేటప్పుడు మీవాళ్లు నోట్లో బెల్లం పెట్టుకున్నారా?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఎవరు చెప్పారు నీకు?"

"చీమలు."

ఆవిడకు నవ్వాగలేదు. టీ ఒలికింది. "నేనే ఇచ్చానయ్యా. తలా ఒక ముక్క. దవడన పెట్టుకోండి, అడిగితే ఏం తినలేదనండి, చచ్చినా దగ్గమాకండి అని నేనే చెప్పా."

"ఎందుకమ్మా?"

"ఎందుకేందయ్యా! ఆ గదిలో నువ్వొక్కడివే కూర్చున్నావా? పక్కన గుమాస్తా లేడా?" గొంతు తగ్గించింది. "కిందటేడు మా ముఠాలో ఒకామె నాలుగు రోజులు దగ్గింది. టీబీ అన్నాడు, రేపటి నుంచి రావద్దన్నాడు. పెద్దాసుపత్రిలో ఏం లేదని రాసిచ్చారు. ఆ కాయితం తెచ్చి చూపిచ్చినా లోపలికి రానియ్యలా. ఇప్పుడు ఆటోల్లో పడి పత్తితీతకు పోతంది. నువ్వేమో తెల్లకోటేసుకునొచ్చి, ఆయన గదిలో దుకాణం పెట్టి, దగ్గండి దగ్గండి అంటివి. ఎవురు దగ్గుతారయ్యా?"

ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టి తల ఎత్తింది. "చూశావుగా. మా ముఠాలో ఒక్కతి కూడా బయటపళ్లా."

ఆ మాటలో ఎంత గర్వమో. నేను మీటింగులో గ్రాఫు చూపించినప్పుడు నా ముఖం కూడా అలాగే ఉండి ఉంటుంది. ఇద్దరం ఒకే విషయానికి గర్వపడ్డాం. ఆవిడ గర్వానికి అర్థం ఉంది.

హాస్టలుకు వచ్చి స్నేహితుడికి చెప్పాను. వాడిది చెడ్డ మనసు కాదు, నా మీద ప్రేమతోనే అన్నాడు. "ఒరేయ్, మేడమ్ రిటైర్మెంటు ముంగిట్లో ఉంది. మళ్లీ మొదట్నించీ అంటే నువ్వు మునిగిపోతావు. బెల్లం సంగతి నీకూ చీమలకూ తప్ప ఎవడికి తెలుసురా?"

"మేస్త్రమ్మకి తెలుసు."

"ఆవిడేమన్నా నీ థీసిస్ దిద్దుతుందా?"

ఆ కొలతలతోనే థీసిస్ పెడితే పట్టా వస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ ఆ పుస్తకంలో ఏముంటుంది? ఈ ఆడవాళ్ల గొంతులు మొద్దుబారాయి, ఘాటు వీళ్లనేమీ చేయదు అని నా పేరు మీద అచ్చవుతుంది. రేపు ఏ కోల్డ్ స్టోరేజీ యజమానైనా దాన్ని చూపించి, "వీళ్లకు మాస్కులెందుకు?" అనొచ్చు.

మర్నాడు మేడమ్ గదికి వెళ్లి మొత్తం చెప్పాను. ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"వాళ్ల పనిచ్చే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని పరీక్ష చేశావా?"

"ఆయన గదిలో ఫ్యానుందని, మేడమ్."

"ఫ్యానా!" ఆవిడ గొంతు వరండా దాకా వినిపించి ఉంటుంది. "ఉబ్బసం రాశావు, పొగ రాశావు, తిండి రాశావు. గుమాస్తాని రాయలేదేంటయ్యా నీ జాబితాలో?"

ఆవిడ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. "కొట్టేయ్. కోల్డ్ స్టోరేజీ కొలతలన్నీ కొట్టేయ్. సదస్సు వాళ్లకు నేను రాస్తాను, మా సారాంశం వెనక్కి తీసుకుంటున్నామని."

"టైము సరిపోదేమో, మేడమ్."

"సరిపోయేలా చేద్దాం. పరిగెత్తేముందు ఒకటి చెప్పు. వాళ్లు ఎందుకు దగ్గాలి? నీకు పట్టా వస్తుంది. దగ్గితే వాళ్లకేం వస్తుంది?"

ఆ ప్రశ్నకు జవాబు తయారు చేయడానికి పట్టినంత కాలం కొలతలకు కూడా పట్టలేదు. మేడమ్ ఛాతీ వైద్యుల విభాగానికి వెళ్లి మాట్లాడారు. దగ్గు ఎక్కువగా ఉన్నవాళ్లను వాళ్లు ఉచితంగా పరీక్ష చేస్తారు, మందులిస్తారు. పేర్లు, ఫలితాలు యజమానులకు ఇవ్వబోమని తెలుగులో రాసి సంతకం పెట్టాం. పరీక్ష వాళ్ల కాలనీలో, కమ్యూనిటీ హాల్లో, యార్డు సెలవు రోజుల్లో. ఎథిక్స్ కమిటీ దగ్గరికి మార్పులన్నీ మళ్లీ వెళ్లాయి, మళ్లీ అనుమతి వచ్చింది. నోరు పుక్కిలించి, కాసేపు కూర్చున్నాకే పరీక్ష.

ఇంకో మార్పు ఉంది. అది నా సొంతం, అందుకే కొంచెం పొగరుగా చెబుతున్నాను. వీళ్లు దగ్గును ఆపుకోగలరని చీమల పుణ్యాన తెలిసింది కదా. దాన్నే ఎందుకు కొలవకూడదు? వీళ్లకూ, మా లైబ్రరీ వాళ్లకూ ఒకరోజు దగ్గొస్తే దగ్గేయమని చెబుతాం. ఇంకోరోజు ఆపుకోగలిగినంత ఆపుకోమంటాం. రెండింటి మధ్య తేడా చూస్తాం. ఈ ఆలోచన చెప్పినప్పుడు మేడమ్ కాగితం తీసుకుని దాని కింద గట్టిగా ఒక గీత గీశారు.

మొదటి సెలవు రోజు హాలు నిండా ఆడవాళ్లే. పిల్లల్ని చంకనేసుకుని కొందరు, పప్పు గిన్నెలతో కొందరు. అందరూ వచ్చారు కానీ ఒక్కరూ కుర్చీలో కూర్చోలేదు. స్నేహితుడు అత్యవసర మందులు సర్దుకుని ఒక పక్కన నిలబడ్డాడు, మునిగిపోతావని తిట్టినవాడే. మేస్త్రమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నా ముందుకొచ్చింది.

"అన్నిసార్లు మా చేత పీల్పించావు. ఎన్నడన్నా నువ్వు పీల్చావా?"

"లేదమ్మా."

"ముందు నువ్వు పీల్చు. చూస్తాం."

పీల్చాను. మొదటి మెట్టుకే పొట్ట పట్టుకుని దగ్గాను. కళ్లలోంచి, ముక్కులోంచి నీళ్లు. హాలు హాలంతా ఘొల్లున నవ్వింది.

"ఓరి నాయనో, ఈ బాబుది ఏ ఊరంట?"

"పర్చూరంటమ్మా! పర్చూరోళ్లు మిరపకాయ తినరా ఏంది?"

"ఎవురన్నా ఇంత బెల్లం పెట్టండే పాపం!"

ఆ నవ్వుల్లో మేడమ్ చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నారు. కొత్త గొట్టం బిగించమని నాకు సైగ చేశారు. ఇలా చేస్తారని నాకు ముందుగా చెప్పలేదు. రెండో మెట్టుకు ఆవిడా దగ్గారు, అంత పెద్ద ప్రొఫెసరు, ముఖం కందిపోయేలా. నవ్వులు ఆగిపోయాయి. ఎవరో నీళ్ల చెంబు అందించారు.

"నీదీ ఈ బాబు లాంటి లేతగొంతేనా తల్లీ" అంటూ మేస్త్రమ్మ ఆ కుర్చీలో కూర్చుంది.

మొదటి మెట్టు, ఏమీ లేదు. రెండు. మూడు. మెడ నరాలు తేలాయి, కళ్లు ఎర్రబడ్డాయి, పెదాలు బిగించే ఉన్నాయి. దగ్గేయమన్న రోజు అది, కానీ అలవాటు ఆవిడను వదలడం లేదు. మేడమ్ వంగి ఆవిడ మోకాలి మీద చేయి వేశారు. "ఇక్కడ గుమాస్తా లేడమ్మా."

మేస్త్రమ్మ దగ్గింది. ఒకటి కాదు, రెండు కాదు. ఎన్ని పంటకాలాల దగ్గో తెలియదు, తెరలు తెరలుగా వచ్చింది. నేను లెక్కపెట్టే మీట నొక్కుతూనే ఉన్నాను. అయిపోయాక ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుని, వెనక్కి తిరిగి వరస వైపు కేకేసింది. "దగ్గండే! ఏం కాదు!"

ఆ తర్వాత నాకు కూర్చునే తీరిక లేకపోయింది. సెలవు వచ్చిందంటే హాలే. పండగలకు ఊరెళ్లడం మానేశాను.

ఫలితం మొదటి గ్రాఫుకు తలకిందులుగా వచ్చింది. వాళ్ల గొంతు మొద్దుబారలేదు. దగ్గేయమన్న రోజు మా లైబ్రరీ వాళ్లకంటే ముందే దగ్గారు. ఆపుకోమన్న రోజు మాత్రం ఎవరూ వాళ్ల దరిదాపుల్లోకి రాలేదు. ఘాటు వాళ్ల గొంతును దెబ్బతీస్తోంది. అది బయటపడకుండా ఆపుకోవడం వాళ్లు నేర్చుకున్నారు. గీతలు ఈసారి మొదటిసారంత శుభ్రంగా లేవు. అక్కడక్కడా ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. నాకు అవే ముద్దుగా కనిపించాయి.

పాడైన కొలతలను చివర్లో అనుబంధంగా పెట్టమని కొందరు సలహా ఇచ్చారు. మేడమ్ ఒప్పుకోలేదు. అది థీసిస్‌లో మూడో అధ్యాయం అయింది, గుమాస్తా గదితో, ఫ్యానుతో, చీమలతో సహా. ఆవిడ సర్వీసు ముగియడానికి కొద్ది రోజుల ముందు థీసిస్ సమర్పించాం. వైవా నాటికి ఆవిడ రిటైరైపోయారు. గైడుగా పేరు మాత్రం ఆవిడదే ఉంది. వచ్చి ముందు వరసలో కూర్చున్నారు.

బయటి రాష్ట్రం నుంచి వచ్చిన పరీక్షకుడు తిన్నగా మూడో అధ్యాయం తెరిచారు. "ఆ చీమలు రాకపోయి ఉంటే?"

"తప్పు జవాబుతో ఇదే కుర్చీలో కూర్చుని ఉండేవాణ్ణి సర్. గ్రాఫు చాలా బాగుండేది. మీరు కూడా మెచ్చుకునేవారు."

ఆయన పుస్తకం మూసి మేడమ్ వైపు చూశారు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఆ నవ్వు దాచుకోవడానికేనని నాకు తెలుసు.

పట్టా వచ్చాక ఫలితాలను మామూలు తెలుగులో రెండు పేజీలు రాసి, మేడమ్‌తో కలిసి కోల్డ్ స్టోరేజీ యజమాని దగ్గరికి వెళ్లాను. వాదన బాగానే జరిగింది. చివరికి ఆయన రెండింటికి ఒప్పుకున్నాడు: ముఠాకు మాస్కులు, ఆసుపత్రి కాగితం లేకుండా దగ్గు పేరు చెప్పి ఎవరినీ మాన్పించకపోవడం. మాట మీద నిలబడతాడో లేదో నమ్మకం లేక, కాయ సీజను మధ్యలో నేనొక్కణ్ణే మళ్లీ వెళ్లాను.

గుమాస్తా లేచి తన గదిలో కుర్చీ వేశాడు, నేను గుమ్మం బయటే ఆగాను. మర్యాద మారలేదు, ముఖం మారింది. "రండి డాక్టరు గారూ. మీరేం చెప్పారో ఏమో గానీ, పొద్దున లేస్తే ఒకటే దగ్గులండీ ఇక్కడ. ఫోన్లో మాట వినబడట్లేదు."

షెడ్డులో గుట్టల మధ్య మాస్కు కట్టుకున్న ఒకామె గట్టిగా దగ్గింది. తొడిమలు తీసే చేతులు ఒక్కటీ ఆగలేదు, ఎవరూ తల తిప్పి గుమాస్తా గది వైపు చూడలేదు. ఇంకో మూల నుంచి ఇంకొకరు దగ్గారు. గుమాస్తా లేచి తన గది తలుపు దగ్గరికి వేసుకున్నాడు. ఫ్యాను ఆ గదిలోనే ఉంది. నేను మాత్రం బయటే, ఆ ఘాటులోనే కాసేపు నిలబడి విన్నాను.